మాల్రో గురించి పది నిమిషాలు మాట్లాడాలంటే

చిక్కడపల్లి లైబ్రరీలో మా ఆదివారం బృందానికి ఫ్రెంచి నవలాకారుడు ఆంద్రె మాల్రో గురించి చెప్పాను. పుట్టుక నుంచి మొదలుపెట్టేసరికి సగం మంది ఇరానీ చాయ్‌కి లేచిపోయారు. మీరలా చేయకండి.

1944 జులైతో మొదలుపెట్టండి. గ్రమా ఊరి దగ్గర ఆయన కారు మీద జర్మన్లు కాల్పులు జరిపారు. కాలికి గాయమై దొరికిపోయాడు. తూలూజ్ జైల్లో పెట్టారు. ఆగస్టులో జర్మన్లు ఊరొదిలి వెళ్లడంతో బయటపడ్డాడు. ఇక్కడ ఆగి ఓ గుక్క నీళ్లు తాగండి, "తర్వాత?" అని వాళ్లే అడుగుతారు.

అప్పుడు వెనక్కి వెళ్లండి. 1940లో ట్యాంకు దళంలో సిపాయి. పట్టుబడి, ఆ ఏడాదే తప్పించుకున్నాడు. ఆ తర్వాత చాలాకాలం రాసుకుంటూనే గడిపాడు. ఫ్రాన్సును ఆక్రమించిన జర్మన్ల మీద సాగిన రహస్య ప్రతిఘటనలో పూర్తిగా దిగింది 1944లోనే. ఇది దాచకండి, నాకైతే మనిషి ఇక్కడే దగ్గరవుతాడు. పెట్టుకున్న మారుపేరు 'కల్నల్ బెర్జే', తన నవలలోని పాత్ర పేరే!

నోట్సులో ఆయన చెప్పుకున్న గొప్పలు పెన్సిల్‌తో, రుజువున్నవి పెన్నుతో రాసుకోండి. ప్రతిఘటన యోధుల దళమైన అల్సాస్-లొరేన్ బ్రిగేడ్‌ను నడిపించిన సంగతి మాత్రం పెన్నుతోనే రాయండి.

పేర్లు ఇంట్లోనే నాలుగుసార్లు పలికి చూసుకోండి. నేను 'మాల్రాక్స్' అన్నాను, ఇప్పటికీ వెక్కిరిస్తారు.