ఏఐ ఏజెంట్‌కి ఇచ్చే ‘వ్యూ నకలు’ టూల్‌కి డాక్యుమెంటేషన్ ఎలా రాయాలి?

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక వ్యూకి (పేరు పెట్టి దాచిన క్వెరీకి) నకలు తీసే టూల్‌ని ఏజెంట్ చేతికి ఇస్తే, ఆ టూల్ గురించి దానికి తెలిసేది మీరు రాసిన వివరణ, పారామీటర్ల నిర్వచనం మాత్రమే. లోపలి కోడ్ దానికి కనిపించదు. అయినా చాలామంది ‘వ్యూని డూప్లికేట్ చేస్తుంది’ అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తారు. ఆ సంగతి టూల్ పేరులోనే ఉంది.

కావలసినవి: పోస్ట్‌గ్రెస్ 15 లేదా ఆపై వెర్షన్, పీఎస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్ కమాండ్ లైన్ ప్రోగ్రామ్), టెస్ట్ డేటాబేస్, ఒక ఎంసీపీ సర్వర్ (ఏజెంట్‌కి టూల్స్ అందించే ప్రోగ్రామ్).

1. పారామీటర్లు

నాలుగే ఉండాలి: అసలు స్కీమా (డేటాబేస్‌లో వ్యూ ఉండే విభాగం), అసలు వ్యూ, కొత్త స్కీమా, కొత్త పేరు. నాలుగూ తప్పనిసరి. స్కీమా ఇవ్వకపోయినా నడిచేలా పెడితే పని సెర్చ్ పాత్ (స్కీమా చెప్పనప్పుడు పోస్ట్‌గ్రెస్ వెతికే స్కీమాల వరస) మీద ఆధారపడుతుంది. కనెక్షన్ పూల్‌లో ఆ సెర్చ్ పాత్ ఒక్కో కనెక్షన్‌కి ఒక్కోలా ఉండవచ్చు.

కొత్త పేరు ఏజెంటే ఇవ్వాలి. టూల్ తనంతట తాను చివర ‘_కాపీ’ తగిలించకూడదు. పోస్ట్‌గ్రెస్‌లో పేరు పరిమితి 63 బైట్లు. యూటీఎఫ్-8లో తెలుగు హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కోటి 3 బైట్లు తింటాయి; ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికే 18 బైట్లు పోతాయి. పరిమితి దాటిన పేరుని పోస్ట్‌గ్రెస్ ఒక నోటీసు ఇచ్చి కత్తిరిస్తుంది, ఎర్రర్ ఇవ్వదు. కత్తిరింపులో ‘_కాపీ’ ఎగిరిపోతే మిగిలేది అసలు వ్యూ పేరే. టూల్ లోపల ‘క్రియేట్ ఆర్ రీప్లేస్’ వాడి ఉంటే అసలు వ్యూనే తిరగరాసేస్తుంది, దాని పాత ఆప్షన్లు (సెట్టింగులు) కూడా పోతాయి. అందుకే టూల్‌లో ఉత్త ‘క్రియేట్ వ్యూ’ మాత్రమే వాడండి. 63 బైట్ల పరిమితిని పారామీటర్ వివరణలోనే చెప్పండి.

2. ఏది నకలు కాదో రాయడం

అందరూ తప్పు చేసేది ఇక్కడే. ‘పీజీ_గెట్_వ్యూడెఫ్’ ఫంక్షన్ తిరిగి ఇచ్చేది సెలెక్ట్ క్వెరీ ఒక్కటే. గ్రాంట్లు (ఇచ్చిన అనుమతులు), కామెంట్లు, ‘ఇన్‌స్టెడ్ ఆఫ్’ ట్రిగ్గర్లు, వ్యూ ఆప్షన్లు అందులో ఉండవు. దాంతో తీసిన నకలు చూడటానికి అచ్చం అసలులాగే ఉంటుంది, నడిచే తీరు మాత్రం వేరు.

వీటిలో ప్రమాదకరమైనది ‘సెక్యూరిటీ_ఇన్వోకర్’. వెర్షన్ 15లో వచ్చిన ఈ ఆప్షన్ ఉంటే, వ్యూని ఎవరు చదువుతున్నారో వాళ్ల అనుమతులతోనే కింది టేబుళ్లు తెరుచుకుంటాయి. లేకపోతే వ్యూ ఓనర్ అనుమతులతో తెరుచుకుంటాయి. నకలుకి ఓనర్ ఎవరు? ఏజెంట్ ఏ రోల్‌తో (డేటాబేస్ యూజర్‌తో) కనెక్ట్ అయిందో ఆ రోల్. అది సూపర్‌యూజర్ అయితే రో లెవెల్ సెక్యూరిటీ (ఎవరికి ఏ వరసలు కనిపించాలో చెప్పే నియమాలు) పనిచేయదు. తన జిల్లా ఆర్డర్లే చూడాల్సిన ఉద్యోగికి నకలు మీద సెలెక్ట్ గ్రాంట్ ఇస్తే అన్ని జిల్లాలవీ కనిపిస్తాయి. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు, వరసలు మాత్రం ఎక్కువ వస్తాయి. ఆ స్కీమాలో డీఫాల్ట్ ప్రివిలేజెస్ (కొత్తగా పుట్టేవాటికి వాటంతట అవే వచ్చే అనుమతులు) పెట్టి ఉంటే గ్రాంట్ కూడా ఎవరూ ఇవ్వనక్కర్లేదు, నకలు పుట్టగానే తలుపు తెరిచే ఉంటుంది.

కాబట్టి ఆప్షన్లని టూల్ తప్పక నకలు చేయాలి, గ్రాంట్లని చేయకూడదు. గ్రాంట్ లేకపోతే ‘అనుమతి లేదు’ అని ఎర్రర్ వస్తుంది, మనిషి చూసి సరిచేస్తాడు. ఆప్షన్ పోతే ఎవరికీ తెలియదు.

వివరణ ఇలా రాయండి: ‘ఒక వ్యూ క్వెరీని, ఆప్షన్లని కొత్త పేరుతో నకలు చేస్తుంది. గ్రాంట్లు, కామెంట్లు, ట్రిగ్గర్లు రావు. నకలుకి ఓనర్ ఈ కనెక్షన్ రోల్. డేటా నకలు కాదు. మెటీరియలైజ్డ్ వ్యూలకి వాడవద్దు.’ ‘డేటా నకలు కాదు’ అన్న ముక్కని తీసేయకండి. అది లేకపోతే ఏజెంట్ ఈ టూల్‌ని బ్యాకప్ అనుకుని వాడుతుంది.

కొన్ని టూల్స్ అసలు వ్యూ మీదే ‘సెలెక్ట్ స్టార్’ రాసి నకలు అంటాయి. అది నకలు కాదు, అసలు వ్యూ మీద ఇంకో పొర. ఇక అసలు వ్యూని ‘కాస్కేడ్’ లేకుండా డ్రాప్ చేయలేరు, కాస్కేడ్ పెడితే రెండూ పోతాయి.

3. ఎర్రర్లు

ప్రతి ఎర్రర్‌కీ తర్వాత ఏం చేయాలో రాయండి. పోస్ట్‌గ్రెస్ ఎర్రర్ కోడ్ 42పీ07 వస్తే ఆ పేరు ఇప్పటికే ఉంది: ఉన్నదాన్ని డ్రాప్ చేయవద్దు, వేరే పేరు ఇవ్వాలి. 42501 వస్తే అనుమతి లేదు: మళ్లీ ప్రయత్నించవద్దు, యూజర్‌కి చెప్పాలి. ‘డ్రాప్ చేయవద్దు’ అని రాయకపోతే ఏజెంట్ పేరు ఖాళీ చేయడానికి పాత వ్యూని తీసేయవచ్చు. ఎర్రర్‌ని టూల్ ఫలితంలోనే ‘ఈజ్‌ఎర్రర్’ పెట్టి పంపండి. ప్రోటోకాల్ ఎర్రర్‌గా పంపితే అది మోడల్ దాకా చేరకపోవచ్చు.

4. హింట్లు

ఇవి టూల్ స్వభావాన్ని చెప్పే ఎంసీపీ గుర్తులు. రీడ్‌ఓన్లీ (చదవడమే చేస్తుంది), డిస్ట్రక్టివ్ (ఉన్నదాన్ని చెరిపేస్తుంది), ఐడెంపోటెంట్ (మళ్లీ పిలిచినా అదనపు ప్రభావం ఉండదు) మూడింటికీ ‘ఫాల్స్’. డిస్ట్రక్టివ్ డీఫాల్ట్ ‘ట్రూ’ కాబట్టి దాన్ని విడిగా రాయాలి.

5. పరీక్ష

సెక్యూరిటీ_ఇన్వోకర్ ఉన్న ఒక వ్యూ, దాని మీద ఒక గ్రాంట్ పెట్టండి. ఏజెంట్‌తో నకలు తీయించి ‘\డీ+’తో ఆప్షన్లు, ‘\డీపీ’తో గ్రాంట్లు చూడండి. తర్వాత ఏజెంట్‌ని ‘ఈ నకలుని ఎవరు చదవగలరు?’ అని అడగండి. ‘అసలు వ్యూని చదివేవాళ్లందరూ’ అని జవాబు వస్తే రెండో అంచె మళ్లీ రాయాలి.