చెక్ డ్యామ్‌లో ఏం చెక్ చేస్తారు? ఇంగ్లిష్ మాట పుట్టుక వెతకడం ఇలా

కళ్యాణదుర్గం దగ్గర మా అక్కావాళ్ళ ఊరికి పోయినప్పుడు వంక మీది చెక్ డ్యామ్ గట్టున కూర్చుని ఉంటే, ఏడో తరగతి చదివే మా మేనల్లుడు అడిగాడు: "మామా, చెక్ చేయడమంటే సరిచూడడం కదా, మరి ఈ డ్యామ్‌లో ఏం చెక్ చేస్తారు?" చాలా మంచి ప్రశ్న. నీళ్ళను ఆపుతుంది కాబట్టి ఆ పేరు అని అప్పటికి చెప్పాను గానీ, ఆపడం, సరిచూడడం రెండూ ఒకే మాటలోకి ఎట్లా చేరాయో చెప్పాలంటే ఆ మాట మొదలు దాకా పోవాల్సిందే. మేమిద్దరం పోయిన దారి రాస్తున్నాను, ఏ ఇంగ్లిష్ మాటకైనా పనికొస్తుంది.

ముందే డిక్షనరీ తెరవొద్దు. ఆ మాట మీ చుట్టుపక్కల ఎక్కడెక్కడ వినబడుతుందో కాగితం మీద రాసుకోండి. మాకు దొరికినవి: బ్యాంకు చెక్కు, కర్నూలు పక్కన పంచలింగాల చెక్‌పోస్టు, ఆసుపత్రిలో చెకప్, గళ్ళ చొక్కాను చెక్స్ షర్ట్ అనడం, చెస్‌లో రాజుకు చెక్, ఇక మా చెక్ డ్యామ్. వీటన్నిటికీ ఒకే తెలుగు మాట పెట్టి చూడండి, కుదరదు. ఆ కుదరనిచోటే అసలు కథ ఉంటుంది.

ఇప్పుడు డిక్షనరీ. పెద్ద నిఘంటువుల్లో అర్థాలతో పాటు మాట పుట్టుక కూడా ఇస్తారు, ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ అయితే ఫోన్‌లోనే ఉచితంగా దొరుకుతుంది. అక్కడ వరస సాధారణంగా కొత్త భాష నుంచి పాత భాషకు పోతుంది కాబట్టి చివరి నుంచి వెనక్కి చదవండి. చెక్‌కు చివర ఉన్నది పారశీ మాట షాహ్, అంటే రాజు. అక్కడి నుంచి అరబ్బీ, లాటిన్, పాత ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లిష్‌కు వచ్చింది. మన బాద్‌షాలో ఉన్న షా కూడా ఇదే! నవాబులు ఏలిన కడప, కర్నూలు సీమకు ఆ షా ఉర్దూ వెంట ఒక దారిలో వచ్చింది, ఇంగ్లిష్ వెంట చెక్ అయి ఇంకో దారిలో వచ్చింది. ఇది తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మూలం దొరికాక ఒక్కో అర్థాన్నీ దానికి ముడివేయాలి, ఓపిక కావాల్సింది ఇక్కడే. చెక్ అంటే మొదట చదరంగంలో "నీ రాజుకు ముప్పు" అని చేసే హెచ్చరిక. ఆ మాట వినగానే అవతలివాడు తాను వేయాలనుకున్న ఎత్తు ఆపేసి రాజును కాపాడుకోవాలి, అందుకే అడ్డుకోవడం అనే అర్థం వచ్చింది. చెక్ డ్యామ్ చేసేదీ అదే కదా, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని అనంతపురంలో, ఉరికే వంక నీళ్ళను అడ్డుకుని భూమిలోకి ఇంకేలా నిలబెడుతుంది. అడ్డుకోవడం నుంచి అదుపు, అదుపు కోసం లెక్క సరిచూడడం. ఈ చివరిది 17వ శతాబ్దం ఆఖరులో గానీ రాలేదు, అంటే మావాడు అసలు అర్థం అనుకున్నదే వయసులో చిన్నది. చెక్‌పోస్టులో ఆపడమూ ఉంది, చూడడమూ ఉంది.

గళ్ళ చొక్కా పేరు చదరంగం పలక నుంచి వచ్చింది. 12వ శతాబ్దంలో ఇంగ్లండు ఖజానా లెక్కలు చూసే బల్ల మీద కూడా గళ్ళ గుడ్డ పరిచి బిళ్ళలతో లెక్కపెట్టేవారు, అందుకే ఆ ఖజానాకు ఎక్స్‌చెకర్ అని పేరు. బ్యాంకు చెక్కు మొదట్లో మోసం జరగకుండా ఉంచుకునే కౌంటర్‌ఫాయిల్, అంటే కాగితం చింపి ఇచ్చాక మిగిలే ముక్క. దాని స్పెల్లింగ్ (cheque) మీద ఈ ఎక్స్‌చెకర్ (exchequer) ప్రభావం పడింది. అమెరికావాళ్ళు మాత్రం ఇప్పటికీ మామూలు చెక్ స్పెల్లింగే (check) రాస్తారు.

ఒక్క జాగ్రత్త, దయచేసి ఇది వదిలేయొద్దు. శబ్దం కలిసిందని చుట్టరికం కలపొద్దు. శిల్పి రాయిని చెక్కడానికీ, బ్యాంకు చెక్కుకూ ఏ సంబంధమూ లేదు, చెక్ రిపబ్లిక్ పేరు కూడా వేరే మూలం నుంచి వచ్చింది. దారిలో ఏ భాష నుంచి ఏ భాషకు, ఎప్పుడు అనేది చూపించలేకపోతే ఆ ఊహను పక్కన పెట్టేయండి.

కడపవాళ్ళకు ఇంకో వసతి ఉంది. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన బ్రౌన్ దొర 1852లో వేసిన తెలుగు నిఘంటువులో, ఇది సంస్కృతం, ఇది హిందూస్తానీ అంటూ మాటల పక్కన మూలం గుర్తులు పెట్టాడు. ఎర్రముక్కపల్లిలో ఆయన పేరుతో ఉన్న గ్రంథాలయానికి పోయి ఓ పది పేజీలు ఆ గుర్తులు మాత్రమే చూస్తూ తిప్పండి, ఏ మాట విన్నా ఇది ఎక్కడిది అని అడిగే అలవాటు దానంతట అదే వస్తుంది.

మావాడు ఇప్పుడు బస్సు టికెట్టు పట్టుకున్నాడు. ఫ్రెంచి దాకా పోయి, దానికీ, మర్యాద పద్ధతులనే అర్థమున్న ఎటికెట్‌కూ మూలం ఒకటేనని నిన్న ఫోన్ చేసి చెప్పాడు.