రెండు సిస్టమ్‌లకు ఒకే మ్యాక్ అడ్రస్ ఉంటే ఎలా పట్టుకోవాలి, ఎలా సరిచేయాలి

హన్మకొండ నయీంనగర్‌లో ఒక క్యాడ్ (కంప్యూటర్ మీద డ్రాయింగ్ గీయడం) ట్రైనింగ్ సెంటర్ నుంచి ఫోన్. "సార్, రెండు సిస్టమ్‌లల్ల నెట్ వస్తున్నది, పోతున్నది." పోయి చూస్తే పన్నెండింటిలో ఆ రెండింటికే బాధ. మూడో నంబర్‌లో డౌన్‌లోడ్ పెడితే తొమ్మిదోది ఆగిపోతుంది, తొమ్మిదిలో పేజీ రిఫ్రెష్ కొడితే మూడోది ఆగుతుంది. నేను వెళ్లేసరికే కేబుల్స్ మార్చేశారు, మళ్లీ క్రింపింగ్ చేయించారు, సిస్టమ్‌లన్నిటినీ కలిపే నెట్‌వర్క్ స్విచ్ కూడా కొత్తది కొనేశారు. ఆ డబ్బంతా దండగ. చెరో సిస్టమ్ ముందు ఒక పిల్లాణ్ణి కూర్చోబెట్టి మ్యాక్ అడ్రస్, అంటే నెట్‌వర్క్ కార్డుకు ఉండే గుర్తింపు నంబర్, రెండేసి అక్షరాల చొప్పున చదవమన్నాను. ఆరు జంటలూ పూర్తయ్యేదాకా ఒక్క అంకె తేడా లేదు.

కాబట్టి స్విచ్ కొనే ముందు మీరూ ఇదే చేయండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి గెట్‌మ్యాక్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, స్లాష్, వి అక్షరం కొట్టండి (getmac /v). ల్యాన్‌కు ఒకటి, వైఫైకి ఒకటి, ఇలా ప్రతి అడాప్టర్ నంబర్ విడిగా కనిపిస్తుంది. అన్ని సిస్టమ్‌లవీ ఒక కాగితం మీద రాసి పక్కపక్కన పెట్టి చూడండి. సిస్టమ్‌లు చాలా ఉంటే ఇంకో దారి ఉంది. అనుమానం ఉన్న ఐపీకి (నెట్‌వర్క్‌లో సిస్టమ్‌కు ఇచ్చే అడ్రస్) ఆ రెండూ కాని ఇంకో సిస్టమ్ నుంచి ఆగకుండా పింగ్ పెట్టి, అంటే జవాబు వస్తుందా అని అడుగుతూ ఉండి, ఆ ఐపీ ఏ సిస్టమ్‌దని అనుకుంటున్నారో దాని కేబుల్ పీకేయండి. కొన్ని క్షణాలు తడబడి మళ్లీ జవాబు వస్తూనే ఉంటే, ఇంకెవరో అదే అడ్రస్‌తో కూర్చున్నట్టే.

ఐపీ కాన్‌ఫ్లిక్ట్ అని విండోస్ చెప్పలేదు కదా అంటారు. చెప్పదు. ఆ హెచ్చరిక రావాలంటే అదే ఐపీతో వేరే మ్యాక్ కనిపించాలి. ఇక్కడ రెండూ ఒకటే కాబట్టి ఎదుటి సిస్టమ్ పంపినదాన్ని కూడా ఇది తనదే అనుకుంటుంది. మ్యాక్ చూసి ఐపీ ఇచ్చే రౌటర్ కూడా రెండింటికీ ఒకే ఐపీ ఇచ్చేస్తుంది. స్విచ్ మాత్రం ఆ అడ్రస్ చివరిసారి ఏ పోర్టులో కనిపించిందో అటే డేటా పంపుతుంది, అందుకే ఒకటి మాట్లాడినప్పుడల్లా రెండోది మూగబోతుంది. రెండు సిస్టమ్‌లూ రౌటర్‌కు చెరోవైపు, వేరు వేరు నెట్‌వర్కుల్లో ఉంటే ఈ గొడవే రాదు.

మ్యాక్‌లో మొదటి మూడు జంటలను ఐ ట్రిపుల్‌ఈ (IEEE) అనే ప్రమాణాల సంస్థ తయారీదారుకు కేటాయిస్తుంది, మిగతా మూడింటిని తయారీదారు వేసుకుంటాడు. ఒక్కో కేటాయింపులో 1,67,77,216 నంబర్లు వస్తాయి. అన్ని ఉన్నా ఒకే నంబర్ రెండుసార్లు ఎందుకు పడుతుందంటే, ఎక్కువగా మన చేతుల వల్లే. వర్చువల్ మెషిన్‌ను, అంటే ఒక సిస్టమ్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో సిస్టమ్‌ను, కాపీ చేస్తే మ్యాక్ కూడా కాపీ అయిపోవచ్చు. అలాంటివి నడిపే వర్చువల్‌బాక్స్‌లో క్లోన్ చేసేటప్పుడు కొత్త మ్యాక్ అడ్రస్‌లు తయారుచేయమనే ఆప్షన్ ఎంచుకోండి. అలాంటిదే అయిన వీఎంవేర్ కాపీ చేశారా, తరలించారా అని అడిగితే నిజం చెప్పండి. 08-00-27తో మొదలైతే అది వర్చువల్‌బాక్స్‌ది, 00-50-56 అయితే వీఎంవేర్‌ది అని గుర్తుపట్టవచ్చు. ఇక చవక యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్లు ఒకే లాట్‌లో కొంటే వాటిని కూడా ఒకసారి పోల్చి చూసుకోండి.

ఆ సెంటర్‌లో జరిగింది మాత్రం ఇంకొకటి. వాళ్ల సాఫ్ట్‌వేర్ లైసెన్స్ మూడో నంబర్ మ్యాక్‌కు కట్టి ఉంది. దాని మదర్‌బోర్డ్ రిపేరుకు పోతే క్లాసులు ఆగకూడదని ఎవరో ఆ నంబర్‌ను తొమ్మిదిలో టైప్ చేశారు. లైసెన్స్ పనిచేసింది. తర్వాత మూడోది బాగై వచ్చింది, తొమ్మిదిలో పెట్టిన నంబర్ సంగతి అందరూ మరిచిపోయారు.

తీసేయడం తేలికే. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో నెట్‌వర్క్ అడ్రస్ అనే వరుస చూడండి. కొన్ని కార్డుల్లో లోకల్లీ అడ్మినిస్టర్డ్ అడ్రస్ అని ఉంటుంది. పక్కన పెట్టెలో పన్నెండు అక్షరాలు కనిపిస్తే ఎవరో పెట్టినవే. నాట్ ప్రెజెంట్ ఎంచుకొని ఓకే కొట్టి సిస్టమ్ రీస్టార్ట్ చేయండి, స్విచ్‌ను కూడా ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి. అడాప్టర్‌కు ఫ్యాక్టరీ నుంచే అదే నంబర్ వచ్చి ఉంటే వాపసు ఇవ్వండి. కుదరకపోతే ఇదే పెట్టెలో 02తో మొదలయ్యే నంబర్ ఒకటి ఇవ్వండి, 02-00-00-00-00-09 లాంటిది, ఎందుకంటే 02తో మొదలయ్యేవి మనం సొంతంగా పెట్టుకోవడానికి ఉద్దేశించినవి. ఏ సిస్టమ్‌కు ఏది ఇచ్చారో రాసి సీపీయూ మీద అతికించండి.

లైసెన్స్ కోసం మ్యాక్ కాపీ చేయమని నన్ను చాలామంది అడుగుతారు, నేను చేయను. నెట్‌వర్క్ పాడవడం ఒకటైతే, ఒక లైసెన్స్‌ను రెండు సిస్టమ్‌లలో నడపడం ఒప్పందం తప్పడమే. 1957 కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం, తెలిసి కూడా అక్రమ కాపీ వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. మదర్‌బోర్డ్ మారితే బిల్లు, సీరియల్ నంబర్, పాత మ్యాక్, కొత్త మ్యాక్ అన్నీ పెట్టి, లైసెన్స్‌ను కొత్త సిస్టమ్‌కు మార్చమని అమ్మిన కంపెనీకి మెయిల్ పెట్టండి. లైసెన్స్ తీసుకునే రోజే మదర్‌బోర్డ్ మీది ల్యాన్ పోర్ట్ నంబర్ ఇవ్వండి. యూఎస్‌బీ అడాప్టర్‌ది ఇస్తే అది ఊడిన రోజు లైసెన్స్ ఊడుతుంది, వైఫైదైతే ర్యాండమ్ అడ్రస్ ఆన్ చేసినప్పుడు మారిపోవచ్చు.

తొమ్మిదో నంబర్‌లో పెట్టె ఖాళీ చేయగానే రెండింటికీ నెట్ నిలిచింది. లైసెన్స్ మూడోదానికే ఉంచి, తొమ్మిది మీద లిబ్రేక్యాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, టూడీ డ్రాయింగ్ నేర్చుకునే పిల్లలను అక్కడ కూర్చోబెట్టారు.