సండర్లాండ్ పాయింట్ చూడాలంటే ముందు పోటు టైమ్ చూడండి

ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో, లూన్ నది సముద్రంలో కలిసే మొగ దగ్గర సండర్లాండ్ పాయింట్ అని చిన్న ఊరుంది. కారు వెళ్లడానికి ఒక్కటే దారి, పక్క ఊరు ఓవర్టన్ నుంచి పర్ర (పోటు నీళ్లు ఎక్కే బురద నేల) మీదుగా వెళ్తుంది, పోటు వస్తే ఆ దారి నీళ్ల కిందకి పోతుంది. మాంచెస్టర్ వైపు ఉండే మనవాళ్లు వీకెండ్‌లో కారు తీసేముందు ఇది చదవండి.

మొదటి పని పోటు పట్టిక తీయడం. కాకినాడ తీరంలో పోటుకీ పాటుకీ మధ్య తేడా రెండు మీటర్లు కూడా ఉండదు కాబట్టి మనకి ఆ లెక్క అలవాటు లేదు, కానీ ఈ ఊరిని ఆనుకుని ఉన్న మోర్‌కాంబ్ అఖాతంలో పెద్ద పోటు రోజున నీళ్లు దాదాపు పది మీటర్లు లేస్తాయి. మన తిథులు ఇక్కడ బాగా పనికొస్తాయి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకి పెద్ద పోట్లు వస్తాయి, అవి ఈ తీరంలో మధ్యాహ్నం, అర్ధరాత్రి ప్రాంతాల్లో పడతాయి. అంటే తీరిగ్గా టిఫిన్ చేసి బయల్దేరినవాళ్లు చేరే టైమ్‌కే రోడ్డు మునుగుతుంది. అష్టమి దాటాక వచ్చే చిన్న పోట్లు పొద్దున, సాయంత్రం ఆరు అటూ ఇటూ. ఇంకో మాట, కొన్ని పట్టికల్లో గ్రీనిచ్ టైమే ఉంటుంది, వేసవిలో దానికి గంట కలపాలి. ఈ గంట తేడాతోనే చాలామంది దెబ్బతింటారు.

తర్వాత మ్యాప్. బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే వేసే ఎక్స్‌ప్లోరర్ 296 తీసుకోండి, అందులో పర్రలో పాయలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. ముందు ఓవర్టన్ పట్టుకోండి, ఎందుకంటే పారిష్ దానిదే, సండర్లాండ్ పాయింట్ అందులో ఒక భాగం. పారిష్ అంటే ఒకప్పుడు ఒక చర్చి కిందుండే ఊళ్లు, 1894 చట్టంతో పౌర పారిష్‌లకి మన గ్రామ పంచాయతీ లాంటి పారిష్ కౌన్సిళ్లు వచ్చాయి. మ్యాప్ మీద పారిష్ హద్దు చూపే చుక్కల గీత పట్టుకుని వేలితో వెళ్తే అది గట్టు దగ్గర ఆగదు, బురదలోకి దిగుతుంది. రోజుకి రెండుసార్లు నీళ్లలో ఉండే నేల కూడా పారిష్ నేలే.

ఊళ్లోకి వెళ్లాక ఫస్ట్ టెర్రస్ అనే ఇళ్ల వరుస ముందు నిలబడి తూర్పుకి చూడండి. ఎదురుగా నది, ఆవల గ్లాసన్ డాక్ అనే రేవు. కళ్లముందే ఉన్నా కారులో వెళ్లాలంటే లాంకస్టర్ దాకా పోయి తిరిగి రావాలి, దానికి దిగువన లూన్ మీద వంతెన లేదు. 18వ శతాబ్దం మొదట్లో రాబర్ట్ లాసన్ ఇక్కడ రేవు కట్టించాడు, 1787లో గ్లాసన్ తెరిచాక వ్యాపారం అటు వెళ్లిపోయింది.

ఊరు అడ్డంగా దాటి పడమటి ఒడ్డుకి తప్పకుండా నడవండి. అక్కడ పొలం మూల ఒక సమాధి ఉంది. 1736 ప్రాంతంలో ఓడ మీద ఇక్కడికి వచ్చి చనిపోయిన ఒక నల్లజాతి కుర్రాడిది. క్రైస్తవుడు కాదని చర్చి నేలలో చోటివ్వలేదు, సాంబో అన్న పిలుపు తప్ప అసలు పేరేంటో ఎక్కడా మిగల్లేదు. ఫలకం పెట్టింది 1796లో. చుట్టూ పిల్లలు రంగులేసి పెట్టిన గులకరాళ్లు ఉంటాయి. బానిస వ్యాపారంలో ఇంగ్లండ్ రేవుల్లో లాంకస్టర్ నాలుగోది, ఆ సంగతి నాకు ఈ రాళ్ల దగ్గరే మనసుకెక్కింది.

అక్కడి నుంచి ఇసుక ఎంత గట్టిగా కనిపించినా దిగొద్దు. ఇదే అఖాతంలో, ఇంకా ఉత్తరాన, 2004 ఫిబ్రవరి 5 రాత్రి కాకిల్ అనే ఆల్చిప్పలు ఏరుతున్న చైనా కూలీలు కనీసం 21 మంది పోటులో చిక్కుకుని చనిపోయారు.

తిరుగు ప్రయాణానికి ముందు రోడ్డు పక్క పాయలు చూడండి. ఇక్కడ నీళ్లు అలలా మీదికి రావు. ముందు పాయ అడుగున బురద మెరుస్తుంది, కాసేపటికి గడ్డి మొదళ్లు మునుగుతాయి, ఆ తర్వాత రోడ్డు పల్లంగా ఉన్న చోట రెండు వైపుల నుంచీ సన్నగా చేరుకుంటాయి. ఆ తడి కనిపించిందంటే కారు ఎక్కించొద్దు, ఊళ్లోనే ఆగిపోండి, పాటు తీసి రోడ్డు పూర్తిగా తేలాకే బయల్దేరండి. ఎవరైనా నీళ్లలో చిక్కుకుంటే 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని చెప్పండి.