బిడ్డ పోయిన ఇంట్లో రోజులు గడవాలంటే

మూడో రోజున మా ఆడబిడ్డ బీరువా తీసి మా చిన్నదాని బట్టలన్నీ చద్దరులో మూట కడుతుంటే నేను గోడకు ఆనుకుని చూస్తూ కూర్చున్నా. "కండ్ల ముందట ఉంటే ఇంకా ఏడుస్తవ్ వదినే, ఎవరికన్నా ఇచ్చేద్దాం" అంది. మంచికే అంది. కానీ ఆ మూటలోంచి నేను లాక్కున్న ఒక్క స్కూల్ గౌను, జేబు దగ్గర సిరా మరక, మెడ దగ్గర కొబ్బరినూనె వాసన, ఆ తర్వాత ఆరు నెలలు నన్ను నిలబెట్టింది. అందుకే ముందుగా ఇదే చెబుతున్నా. ఎవరేమన్నా సరే, ఏడాదిదాకా బట్టలు, పుస్తకాలు, బొమ్మలు ఇంట్లోంచి పోనివ్వకండి. ఒక జత ఉతక్కుండా కవర్లో పెట్టి ముడేసి దాచుకోండి. ఉతికితే ఆ వాసన మళ్లీ రాదు. ఇచ్చేయాలనిపించిన రోజు మీరే ఇస్తారు.

మాది మిర్యాలగూడ, మా ఆయనకు రైస్ మిల్లులో పని. చిన్నది డెంగీతో పోయేనాటికి నాలుగో తరగతి, తొమ్మిదేళ్లు. మూడేళ్లయింది. కడుపుకోత ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు, నాకు పనికొచ్చినవీ రానివీ మాత్రం రాస్తా.

మొదటి పదకొండు రోజులు మీరేమీ చేయక్కర్లేదు. ముద్ద దిగకపోతే గంజో మజ్జిగో తాగండి. చుట్టాలెవరో తెచ్చిన నిద్రమాత్ర మింగకండి, డాక్టర్ రాస్తేనే. ఒక్క పని మాత్రం తమ్ముడికో మరిదికో అప్పజెప్పండి, మరణ ధ్రువపత్రం. 21 రోజుల్లోపు నమోదైతే ఫీజు ఉండదు, దాటితే ఆలస్య రుసుము, ఏడాది దాటితే అధికారుల ఆర్డర్ కోసం తిరగాలి. ఆసుపత్రిలో పోతే నమోదుకు పంపాల్సింది వాళ్లే, ఇంట్లో పోతే మనమే చెప్పాలి. పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాశారో లేదో అక్కడే చూసుకోమనండి. మాకు ఒక అక్షరం తప్పుపడి మా తమ్ముడు నాలుగుసార్లు తిరిగాడు.

"నేనే చంపుకున్నా" అనే మాట దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతా, ఎందుకంటే నన్ను ఎక్కువ తిన్నది అదే. నాలుగు రోజులు జ్వరం కాసి, ఐదో రోజు పొద్దున ఒళ్లు చల్లబడింది. హమ్మయ్య అనుకుని ఉప్మా చేసి పెట్టా. రెండు ముద్దలు తిని, కడుపు నొస్తుందమ్మా అని ముడుచుకుని పడుకుంది. డెంగీలో జ్వరం దిగేటప్పుడే, మామూలుగా మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య, అసలు ప్రమాదం మొదలవుతుందని, కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం ఇవన్నీ పెద్దాసుపత్రికి ఉరకాల్సిన గుర్తులని నాకు తర్వాత తెలిసింది. ఆ ఉప్మా గిన్నె నెలల తరబడి నా తలలో తిరిగింది. చివరికి నోట్‌బుక్‌లో ఒక పేజీకి నడిమధ్య గీత గీసి, ఎడమ పక్క ఆ పొద్దున నాకు తెలిసినవి, కుడి పక్క తర్వాత తెలిసినవి రాశా. కుడి పక్క పేజీ నిండి వెనక్కి పోయింది, ఎడమ పక్క మూడు లైన్లు. దాన్ని ఒక పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి చూపించా, ఆయన మొత్తం చదివి "ఈ మూడు లైన్లతో నేనైనా ఉప్మానే పెట్టేవాణ్నమ్మా" అన్నాడు. మీరూ రాయండి. తలలో ఉన్నప్పుడు రెండు పక్కలూ కలిసిపోయి ఉంటాయి, కాగితం మీద విడిపోతాయి.

ఇక మనుషులు. "దేవుడిచ్చిండు, దేవుడే తీస్కపోయిండు" అంటారు, "కొడుకున్నడు గదా" అంటారు, దినాలు కాకముందే "ఆపరేషన్ అయిందా, ఇంకొకరిని కనరాదు?" అని కూడా అడుగుతారు. దీనికి జవాబు ముందే తయారుగా పెట్టుకోండి, అప్పటికప్పుడు మాట దొరకదు. నాది ఇదీ: "ఆ మాట నాతోని ఇప్పుడొద్దు పెద్దమ్మా." అంతే, కారణం చెప్పొద్దు. బస్సులో అడిగేవాళ్లది ఇంకో రకం. ఫ్రీ బస్ వచ్చినాక ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుని కూర్చున్నామో లేదో, పక్కామె "పిల్లలెంతమంది?" అని మొదలుపెడుతుంది. మొదట్లో నల్గొండ పోయేదాకా ఆ ఒక్క ప్రశ్నకే టెన్షన్. ఒక్కడు అంటే దాన్ని రెండోసారి పంపేసినట్టు ఉండేది, ఇద్దరు అంటే ఏం చదువుతున్నరు అనేది వచ్చేది. ఇప్పుడు ఒంట్లో బలం ఉన్న రోజు "ఇద్దరు, చిన్నది లేదు" అంటా, లేని రోజు "ఒక్కడు" అనేసి కిటికీలోంచి చూస్తా. రెండూ అబద్ధం కాదు, మీకు ఏ రోజు ఏది చేతనైతే అదే అనండి.

కిసాగోతమి కథ చెప్పేవాళ్లూ వస్తారు, సాగర్ పక్కనోళ్లం కదా, బుద్ధుడు మనకు దగ్గర. ఆ తల్లి చచ్చిపోయిన పిల్లాణ్ని ఎత్తుకుని, బతికించమని బుద్ధుడి దగ్గరికి పోతే, చావు ఎరగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మన్నాడు. అందరికీ ఉన్నదే ఊరుకో అన్నట్టు నాకు చెప్పారు, నాకు ఒళ్లు మండింది. కానీ ఆమె ఇల్లిల్లూ తిరిగింది కదా. ప్రతి గడపలో ఎవరో ఒకరు మా ఇంట్లో ఫలానావాళ్లు పోయారని చెప్పే ఉంటారు, కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చే ఉంటారు. మా వాడలో బండి యాక్సిడెంట్‌లో కొడుకును పోగొట్టుకున్న అక్క ఉంది. సాయంత్రం ఆమె ఇంటికి పోయి బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చునేదాన్ని, ఒక్కోరోజు ఒక్క మాట కూడా లేకుండా. మీ ఊళ్లోనూ అలాంటి గడప ఒకటి తప్పకుండా ఉంటుంది, మీరే పోండి.

పన్నెండో రోజు మా ఆయన మిల్లుకు పోయాడు. ఎంత రాయి గుండె అనుకున్నా. బస్తాల చాటున కూర్చుని ఏడ్చేవాడని ఎనిమిది నెలలకు ఒక హమాలీ చెబితే తెలిసింది. దుఃఖంలో ఉన్న మనిషి ఒకసారి పోయినవాళ్ల వైపు, ఒకసారి బతుకు పనుల వైపు ఊగుతూనే ఉంటాడని, రెండూ అవసరమేనని స్ట్రోబే, షుట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో రాశారట, కౌన్సిలర్ చెప్పింది. నేను అంతకుముందు ఫోన్లో దుఃఖానికి ఐదు దశలని చదివి ఏ మెట్టు మీదున్నానా అని లెక్కపెట్టుకుంటూ ఉండేదాన్ని. ఆ ఐదూ 1969లో కుబ్లర్ రాస్ అనే డాక్టర్ చావుకు దగ్గరైన రోగులను చూసి చెప్పినవి, మనకు వరుసగా రావాలని ఏం లేదు. ఇంట్లో ఒకరు ఏడుస్తున్నప్పుడు ఇంకొకరు కరెంటు బిల్లు కడుతున్నారని కొట్లాడుకోకండి. కాళ్లు బెల్టుషాపు వైపు పోతుంటే మాత్రం చూస్తూ ఊరుకోకండి.

ఇంట్లో ఇంకో పిల్లాడుంటే "దేవుడి దగ్గరికి పోయింది", "నిద్రపోయింది" అని చెప్పకండి. మా వాడికి ఎవరో అలా చెబితే వాడు పడుకోవడానికే భయపడ్డాడు. చనిపోయింది, ఇక రాదు, నీ తప్పేం లేదు. ఈ మూడూ చెప్పండి, మళ్లీ మళ్లీ అడిగితే మళ్లీ మళ్లీ చెప్పండి.

నెలలు గడిచినా నిద్ర, తిండి, పని ఏదీ దారికి రాకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలిమానస్ అంటారు, మనసు బాగోలేనప్పుడు ఫోన్లో సాయం చేసే లైను, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది, రాత్రీపగలూ ఉంటుంది, డబ్బులుండవు, తెలుగులో మాట్లాడొచ్చు. నేను మొదటిసారి చేసి ఏడ్చి పెట్టేశా, రెండోసారి మాట్లాడా. నేనూ పోతే బాగుండు అనిపిస్తే నెలలు చూడొద్దు, ఆ నిమిషంలోనే పక్కన ఉన్నవాళ్లకు చెప్పండి, ఆ నంబరుకు చేయండి. ఇంట్లో పురుగుల మందు డబ్బా ఉంటే ఈ రోజే వేరేవాళ్ల ఇంటికి పంపించేయండి. పొలం ఉన్న ప్రతి ఇంటికీ ఇది చెబుతున్నా.

బాగయ్యే రోజు ఫలానాదని ఉండదు. రెండో ఏడు రైతుబజారులో టమాటాలకు బేరమాడుతూ, నేను బేరమాడుతున్నానని నాకే తెలిసి, సంచి అక్కడే పెట్టి నిలబడిపోయా. సిగ్గేసింది. మీకూ అలా అవుతుంది, టమాటాలు తీసుకుని ఇంటికి రండి.

మొదటి ఏడు మాకు పండుగల్లేవు. రెండో ఏడు పెత్రమాస నాడు, ఎంగిలిపూల బతుకమ్మకు, వాడలో పిల్లలు గునుగుపూలకు రంగులద్దుతున్నారు. మా చిన్నదెప్పుడూ గులాబీ రంగు గిన్నె ఎవరికీ ఇచ్చేది కాదు. మా వాడు అడగకుండానే కాలువ కట్ట మీదికి పోయి తంగేడు కోసుకొచ్చాడు. పెద్ద బతుకమ్మ నాతో కాలేదు. పక్కన పెట్టే తోడు బతుకమ్మ, అదెప్పుడూ దానిదే, జానెడంత పేర్చా. ఆడలేదు, పాట నోటికి రాలేదు, నీళ్లలో వదిలి వచ్చేశా. గులాబీ రంగు నాలుగు రోజులు గోళ్లలోంచి పోలేదు, అన్నం కలిపేటప్పుడల్లా చూసుకునేదాన్ని.