రాత్రి కెమెరా కొనే ముందు జాగ్రత్తలు

ఒంగోలులోనో కావలిలోనో ఇంటికి తాళం వేసి ఊరెళ్లే ధైర్యం కోసం కెమెరా కొంటున్నారా? డబ్బు కట్టకముందే ఇవి చూసుకోండి.

• షాపులో పగటి బొమ్మను నమ్మొద్దు. లైట్లు ఆర్పించి, ఎవరినైనా అటూ ఇటూ నడవమని రికార్డింగ్ చూడండి. నిలబడ్డ మనిషి స్పష్టంగానే కనిపిస్తాడు, నడిస్తే ముఖం అలుక్కుపోతుంది. మనకు కావలసింది ఆ నడిచే ముఖమే.

• మెగాపిక్సెళ్ల కన్నా సెన్సర్ (వెలుతురును పట్టి బొమ్మగా మార్చే చిప్పు) సైజు ముఖ్యం. 1/2.8 అంగుళాల దానికన్నా 1/1.8 పెద్దది. లెన్స్ ఎఫ్ సంఖ్య ఎంత తక్కువైతే అంత వెలుతురు లోపలికి వస్తుంది.

• చీకట్లో చూడటానికి కెమెరా తానే వేసే వెలుగు ఇన్‌ఫ్రారెడ్. 850 నానోమీటర్లదైతే దూరం బాగా చూపిస్తుంది, కానీ కెమెరా దగ్గర సన్నగా ఎర్రటి వెలుగు కనిపిస్తుంది. 940 అయితే కంటికి కనపడదు, దూరం తగ్గుతుంది. ఇంటి గేటుకు నా ఓటు 850కే.

• మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి మామూలు మరలు తుప్పు పడతాయి. స్టెయిన్‌లెస్ స్టీలువే అడగండి.

• చూరుకో తెల్ల గోడకో మరీ దగ్గరగా బిగించనివ్వకండి, ఇన్‌ఫ్రారెడ్ తిరిగి కొట్టి బొమ్మ తెల్లబడుతుంది. లెన్స్ ముందు ఒక్క సాలెపోగు ఊగినా అదే తంతు. వారానికోసారి మెత్తటి గుడ్డతో తుడవాలి.

• కరెంటు పోయినా ఆగకుండా రౌటర్‌కీ రికార్డర్‌కీ ఇన్వర్టర్ లైను ఇప్పించండి.

• బిగించినవాళ్లు వెళ్లగానే పాస్‌వర్డ్ మార్చేయండి.