ఎక్కువ రోజులు కదలని పాత కార్లు: లక్షణాన్ని బట్టి కారణం, మరమ్మతు

ఒకే ఇంట్లో మూడు నాలుగు పాత కార్లు ఉంచుకొని వాటి మరమ్మతు వీలైనంత మేరకు సొంతంగా చేసుకునేవారికి ఎదురయ్యే సమస్యలు, ఒకే కారును రోజూ నడిపేవారి సమస్యలకు భిన్నంగా ఉంటాయి. రోజూ తిరిగే కారులో భాగాలు అరిగి పాడవుతాయి. వారాల తరబడి నిలిచిన కారులో బ్యాటరీ దిగిపోతుంది, పెట్రోలు పాతబడుతుంది, బ్రేకులు పట్టేస్తాయి, బానెట్ కింద ఎలుకలు కాపురం పెడతాయి. అందువల్ల ఏ లక్షణం కనిపించినా ముందుగా చూడవలసింది ఆ కారు చివరిసారి ఎప్పుడు కదిలిందన్న సంగతి. ఓడోమీటరు అంకె ఆ తరువాతి మాట. కారుకొక నోటుపుస్తకం పెట్టి, నడిపిన తేదీ, మార్చిన భాగం రాసుకుంటే సగం నిర్ధారణ అక్కడే జరుగుతుంది. ఒక కారు పని పూర్తయ్యేవరకు రెండో కారును విప్పకపోవడం కూడా ఒక నియమంగా పెట్టుకోవాలి, ఎందుకంటే సామాను తేవడానికి వెళ్లాలన్నా నడిచే బండి ఒకటి ఉండాలి.

సెల్ఫ్ తిరగడం లేదు, లేదా "టక్" మని ఆగిపోతోంది

నిలిచిన కార్లలో అన్నిటికంటే తరచుగా వచ్చేది ఇదే. కారు కొన్ని గంటలు ఆగి ఉన్న తరువాత మల్టీమీటరుతో బ్యాటరీని కొలవాలి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 ఉంటే సుమారు ముప్పావు వంతు ఉన్నట్టు, 12కు దిగితే దాదాపు ఖాళీ అయినట్టు. నిండుగా ఉన్నా సెల్ఫ్ తిరగకపోతే టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న పొడిని గోరువెచ్చని నీటిలో కలిపిన వంటసోడాతో కడిగి, గీకి, బిగించి, పైన వాసెలిన్ పూయాలి. అప్పటికీ ఫలితం లేకపోతే, మీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్ మీద, రెండో కొనను ఇంజను లోహం మీద ఉంచి, మరొకరిని తాళం తిప్పమనాలి. ఆ క్షణంలో అర వోల్టు కంటే ఎక్కువ చూపితే తప్పు ఎర్త్ పట్టీలో, అంటే బ్యాటరీ నెగటివ్‌ను ఇంజనుకు, బాడీకి కలిపే పట్టీలో ఉంది. పాత కార్లలో ఈ పట్టీ లోపల తుప్పు పట్టి పైకి బాగానే కనిపిస్తుంది కాబట్టి, మంచి సెల్ఫ్ మోటారును అనవసరంగా విప్పించినవారు చాలామందే ఉన్నారు.

చార్జింగ్ చేసిన బ్యాటరీ వారం తిరగకుండానే మళ్లీ దిగిపోతుంటే, కారు ఆగి ఉన్నప్పుడు ఏదో ఒకటి కరెంటు లాగుతోందని అర్థం. తలుపులు మూసి లాక్ చేసి, అరగంట ఆగి, నెగటివ్ కేబులు తీసి, మధ్యలో మీటరును 10 ఆంపియర్ల స్థాయిలో కలపాలి. మీటరు అలా ఉండగా సెల్ఫ్ కొట్టకూడదు. 50 మిల్లీ ఆంపియర్లు దాటితే ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీస్తూ, ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో చూడాలి. బయట బిగించిన స్టీరియో, అలారం, ఆరిపోని డిక్కీ బల్బు సాధారణ దోషులు. ఏ దోషమూ లేకపోయినా లెక్క ఒకటి గుర్తుంచుకోవాలి: 50 మిల్లీ ఆంపియర్లు మాత్రమే లాగే కారులో 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ 700 గంటలకు, అంటే నెల తిరగకముందే, ఖాళీ అవుతుంది. రెండు వారాలకు మించి నిలిపే కారుకు నెగటివ్ కేబులు తీసి ఉంచడమే సరైన పద్ధతి. వారానికోసారి పది నిమిషాలు ఇంజను ఊరికే ఆన్ చేసి ఉంచే అలవాటు వల్ల సెల్ఫ్ వాడుకున్న కరెంటు సరిగా తిరిగి చేరదు, సైలెన్సరులో తేమ నిలుస్తుంది; అరగంట రోడ్డు మీద నడిపితేనే ప్రయోజనం ఉంటుంది. మూసిన షెడ్డులో ఇంజను నడపడం ప్రాణాపాయమని వేరుగా చెప్పనక్కరలేదు.

సెల్ఫ్ తిరుగుతోంది కాని ఇంజను అందుకోవడం లేదు

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, దాన్ని దృష్టిలో పెట్టుకొని తయారుచేయని పాత రబ్బరు పైపులను దెబ్బతీస్తుంది. కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే భాగం) ఉన్న పాత మారుతి 800 వంటి కారు నెలల తరబడి నిలిస్తే, కార్బ్యురేటర్ గిన్నెలోని పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది, పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రాలు, అంటే జెట్లు, మూసుకుపోతాయి. గిన్నె విప్పి, క్లీనర్ స్ప్రేతో జెట్లు ఊది బిగిస్తే చాలావరకు సరిపోతుంది. జెట్లలో తీగ దూర్చకూడదు. కార్బ్యురేటరుకు బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ కారులో తాళం ఆన్ చేయగానే వెనుక నుంచి పెట్రోలు పంపు రెండు క్షణాలు గుయ్‌మనాలి. చప్పుడు లేకపోతే ముందు ఫ్యూజు, తరువాత రిలే (పంపుకు కరెంటు కలిపే చిన్న విద్యుత్ స్విచ్చు) చూడాలి. పక్కనే అదే నంబరు ఉన్న హారన్ రిలేను తాత్కాలికంగా మార్చి చూస్తే పైసా ఖర్చు లేకుండా తేలిపోతుంది. ఒకే మోడల్ కార్లు రెండు ఉన్నవారికి ఈ సౌకర్యం ఇంకా ఎక్కువ, అయితే ఒకసారికి ఒక్క భాగమే మార్చాలి. ఎక్కడైనా పెట్రోలు వాసన వస్తే స్టార్ట్ చేసే ప్రయత్నం ఆపి, ముందు పైపులన్నీ చూడాలి.

పంపు, ప్లగ్గులు బాగున్నా ఇంజను అందుకోకపోతే వైర్లు చూడాలి. ఎలుక కొరికిన వైరును మెలితిప్పి టేపు చుట్టడం మరమ్మతు కాదు. సోల్డర్ చేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడగాలి. పొగాకు కాడలు, కర్పూరం పెట్టేవారు ఉన్నారు, కాని వాసన తగ్గగానే ఎలుకలు తిరిగి వస్తాయి. కారులో తిండి మిగలకుండా చూడడం, బానెట్ కింద పేరుకున్న ఆకులు, గుడ్డ పీలికలు తీసేయడం ఎక్కువ పని చేస్తాయి.

కారు కదలడం లేదు, వెనుక చక్రం పట్టేసింది

వానాకాలంలో హ్యాండ్ బ్రేక్ వేసి వదిలిన కారుకు ఇది వస్తుంది. బ్రేక్ షూ తుప్పుతో, చక్రంతో పాటు తిరిగే డ్రమ్ముకు లోపలి వైపున అతుక్కుంటుంది. హ్యాండ్ బ్రేక్ దించి, రివర్స్, మొదటి గేరు మార్చి మార్చి మెల్లగా ఊపితే తరచుగా విడిపోతుంది. విడిపోకపోతే డ్రమ్ము మీద సుత్తితో చుట్టూ తట్టి, చివరికి డ్రమ్ము విప్పాలి. విప్పేటప్పుడు గట్టి నేల మీద జాకీతో పాటు స్టాండు కూడా తప్పనిసరి. ఇకమీదట ఆ కారును గేరులో ఉంచి, చక్రాలకు అడ్డు పెట్టి నిలపాలి. బ్రేక్ ఆయిల్ కూడా తేమ పీల్చుకునేదే కాబట్టి, నడిపినా నడపకపోయినా రెండేళ్లకోసారి మార్చాలి.

టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది

ఎప్పుడు పోతోందన్నదే ఇక్కడ కీలకం. ట్రాఫిక్‌లో మాత్రమే పెరిగి, వేగం అందుకోగానే దిగితే తప్పు ఫ్యానుదో, దాని రిలేదో, స్విచ్చుదో అయి ఉంటుంది. హైవే మీద పెరిగితే రేడియేటరు మూసుకుపోవడమో, థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కేవరకు రేడియేటరుకు నీరు పోకుండా ఆపే వాల్వు) తెరుచుకోకపోవడమో కారణం. ఎక్కడా కారకుండానే నీరు తగ్గుతూ, సైలెన్సరు నుంచి తెల్లని పొగ వస్తూ, ఆయిల్ మూత కింద మీగడ లాంటి జిడ్డు కనిపిస్తే, ఇంజను బ్లాకుకు, పైనున్న హెడ్డుకు మధ్య సీలుగా ఉండే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. ఆ పని గ్యారేజీకి వదిలేయడం మంచిది. మన ఎండలకు అక్కరలేదని థర్మోస్టాట్ తీసి పారేసే మెకానిక్‌లు ఇప్పటికీ ఉన్నారు. అలా తీస్తే ఇంజను చేరవలసిన వేడికి చేరక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. బోరు నీరు పోయడం వల్ల రేడియేటరు లోపల పొర కడుతుంది. డిస్టిల్డ్ వాటరు, కూలెంటు సమపాళ్లలో వాడాలి. నింపిన తరువాత, చల్లని ఇంజనును మూత తీసి స్టార్ట్ చేసి, హీటరు పూర్తిగా తిప్పి, బుడగలు ఆగేవరకు ఎయిర్ లాక్ (లోపల చిక్కుకున్న గాలి) తీయాలి. వేడి ఇంజను మీద ఆ మూత ఎట్టి పరిస్థితిలోనూ తీయరాదు.

నడిపేటప్పుడు దడదడ

నిలిచిన చోట టైరు చదునవుతుంది. గాలి సరిగా కొట్టి కొన్ని కిలోమీటర్లు నడిపినా దడ తగ్గకపోతే టైరు మీది నాలుగంకెలు చూడాలి. అవి తయారైన వారం, సంవత్సరం: 2317 అంటే 2017లో 23వ వారం. గాడి నిండుగా ఉన్నా పక్కగోడ పగిలిన టైరు పనికిరాదు.

లక్షణమే కనిపించని సమస్య

టైమింగ్ బెల్టు (ఇంజను వాల్వులను పిస్టన్ల లయకు తగ్గట్టు తెరిపించే రబ్బరు బెల్టు) ఉన్న కారును పాతది కొన్నప్పుడు, బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే మార్చలేదనే అనుకోవాలి. ఇది సాధారణంగా ముందుగా హెచ్చరించకుండానే తెగుతుంది, తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. రబ్బరు నిలిచి ఉన్నా ముదురుతుంది కనుక, మాన్యువల్‌లో చెప్పిన కిలోమీటర్లు, సంవత్సరాలలో ఏది ముందు వస్తే దాన్నే గడువుగా తీసుకోవాలి. బెల్టుతో పాటు దాన్ని బిగువుగా ఉంచే టెన్షనరును, బెల్టే తిప్పే వాటర్ పంపు అయితే దాన్ని కూడా అదేసారి విప్పినప్పుడే మార్చాలి, ఎందుకంటే ఆ పంపు ఆరు నెలల తరువాత కారడం మొదలుపెడితే కొత్త బెల్టు తడిసి, చేసిన పనంతా మళ్లీ చేయవలసి వస్తుంది.